సెలోపెహాదు కుమార్తెల మనవి

ఈ మాసపు వేదపాఠము

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 27:1–11, 36:1–12, యెహోషువ 17:3–6, యోబు 42:12–15, లూకా 12:13–21, గలతీయులకు 3:26 – 4:7.



కుటుంబ ప్రార్థనలో సంఖ్యాకాండము చదువుచు ఇరువదియారవ అధ్యాయమునకు వచ్చినప్పుడు మనలో అనేకులు పుటలు త్రిప్పివేయుదురు. అందులో ఉన్నవన్నియు పేర్లును లెక్కలును. యుద్ధమునకు పోదగిన పురుషులు 6,01,730 మంది అని అక్కడ వ్రాయబడియున్నది. అయితే ఆ పురుషుల లెక్క నడుమ అయిదుగురు స్త్రీల పేర్లు వచ్చుచున్నవి: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. వీరు మనష్షే గోత్రికుడైన సెలోపెహాదు కుమార్తెలు. వేదమునందు వీరి పేర్లు నాలుగు చోట్ల వ్రాయబడినవి. పరిశుద్ధాత్మ దేవుడు ఊరక ఏమియు వ్రాయించడు గనుక ఈ మాసము ఆ అయిదుగురి మాట శ్రద్ధగా విందము.

1. వాక్యము ఏమి చెప్పుచున్నది?

ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశపు పొలిమేర వరకు వచ్చిరి. దేశమును పంచిపెట్టుటకు లెక్క వ్రాయబడెను. ఆ లెక్కలో సెలోపెహాదు ఇంటికి పాలు లేదు. అతడు అరణ్యములో చనిపోయెను; అతనికి కుమారులు లేరు. అప్పుడు అతని కుమార్తెలు ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు యెదుటను, ప్రధానుల యెదుటను, సర్వసమాజము యెదుటను నిలిచిరి. స్త్రీలు అంతమంది పెద్దల యెదుట నోరు తెరచుట ఆ దినములలో సులభమైన పని కాదు. ఈ దినములలోను కాదు.

వారి మనవి చిన్నది. మా తండ్రి కోరహు తిరుగుబాటులో చేరినవాడు కాడు. అందరివలె అతడును చనిపోయెను. కుమారులు లేనంత మాత్రమున అతని పేరు వంశములోనుండి ఏల కొట్టివేయబడవలెను? తండ్రి సహోదరులతోపాటు మాకును భూమి ఇప్పించుము అనిరి. వారి మాటలో కోపము లేదు, బ్రతిమాలుటయు లేదు. తమ తండ్రి దేవుని వాగ్దానములో పాలివాడని వారు నమ్మిరి గనుకనే అడిగిరి. ఇంకను యొర్దాను దాటలేదు, ఒక్క గుంట భూమియైన చేతికి రాలేదు. అయినను దేవుడు ఇచ్చునని వారు నిశ్చయించుకొనిరి. ఇది విశ్వాసము.

2. మోషే ఏమి చేసెను?

మోషే "ఇది మన ఆచారము కాదు" అనలేదు. "మీ పినతండ్రులను అడుగుడి" అని త్రిప్పి పంపలేదు. తనకు తెలియని సంగతి తనకు తెలిసినట్లు తీర్పు చెప్పలేదు. వారి వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. సంఘపెద్దలమైన మనము మొదట నేర్చుకొనవలసినది ఇదియే. ఆచారము నోట పలికినదెల్ల దేవుని నోట వచ్చినది కాదు.

దేవుడు ఇచ్చిన తీర్పు ఏమనగా, ఆ కుమార్తెలు పలికినది న్యాయము. వారి తండ్రి పాలు వారికి చెందవలెను. అంతటితో ఆగక, కుమారులు లేని ప్రతివాని స్వాస్థ్యము అతని కుమార్తెలకు రావలెనని సమాజమంతటికి కట్టడ నియమించెను. అయిదుగురు అడిగిన మనవి వలన వారి ముఖము ఎరుగని వేలమంది కుమార్తెలకు మేలు కలిగెను.

3. మేము చెప్పిన తప్పు పాఠము

ఇక్కడ పాఠమును కొంచెము నిలిపి, మా సంగతి ఒకటి చెప్పుకొనవలసియున్నది. అది చెప్పక ఈ పాఠము వ్రాయుటకు మాకు అర్హత లేదు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామ సంఘములో స్త్రీల మైత్రి కూటమున మేము ఈ భాగమునే బోధించితిమి. బోధ ముగియగా వెనుక కూర్చున్న ఒక వృద్ధురాలు, "అయ్యగారూ, గా అయిదుగురికి మోషే ఇప్పిచ్చిండు. మాకు ఎవలిప్పియ్యాలె?" అని అడిగెను. మేము తడువుకొనక, "అమ్మా, మన స్వాస్థ్యము పరలోకమందున్నది, అది అక్షయమైనది, భూసంబంధమైనవాటిమీద మనస్సు పెట్టకూడదు" అని చెప్పితిమి. ఆమె తల వంచుకొని ఊరకుండెను. కూటము ముగిసెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఏలయనగా మా స్వగ్రామము అల్వాల్. ఒకప్పుడు చెరువు క్రింద మడులున్న ఊరు. బొల్లారము, లోతుకుంట ప్రక్కనున్న ఆ పొలములన్నియు మా కన్నుల యెదుటనే ఇండ్ల స్థలములైనవి. పురపాలక సంఘముగా ఉన్న ఆ ఊరు 2007 లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలుపబడెను. దానికి ఒక సంవత్సరము ముందు, అనగా 2006 లో, మా తండ్రిగారి భూమికి బేరము వచ్చెను. ఆయన వీలునామా వ్రాయకయే ప్రభువునందు నిద్రించెను. తల్లి అంతకు ముందే పోయెను. భూమి ఎకరము ఇరువది గుంటలు. పిల్లలము ముగ్గురము: అన్నగారు, అక్కగారు, మేము.

కొనువారు అక్కగారి సంతకము కూడ కావలెననిరి. ఆమెను పిలిపించితిమి. క్రొత్త చీర పెట్టితిమి, బస్సు ఖర్చులు ఇచ్చితిమి, భోజనము పెట్టితిమి, కాగితము ముందుంచితిమి. ఆమె, "గిదేం కాయిదం, తమ్మీ?" అని అడిగెను. "ఏం లేదక్కా, రివాజుకు" అంటిమి. ఆమె మమ్మును నమ్మి సంతకము చేసెను. అప్పటికి మేము సెమినరీలో చదువు ముగించినవారము; హెబ్రీ అక్షరములు నేర్చినవారము.

వృద్ధురాలికి మేము చెప్పిన జవాబులో ఒక్క మాటయు అబద్ధము కాదు. మన స్వాస్థ్యము పరలోకమందున్నదని పేతురు తన మొదటి పత్రికలో వ్రాసెను. అయినను ఆ సత్యమును మేము అబద్ధమునకు కప్పుగా వాడుకొంటిమి. ఆడపిల్లలకు పరలోకమును, మగపిల్లలకు చెరువు క్రింది మడిని పంచు బోధ ఏ ప్రవక్తయు ఏ అపొస్తలుడును చేయలేదు. వాక్యము భూమిని గూర్చి మాటలాడుచున్నప్పుడు దానిని ఆకాశమునకు ఎత్తివేయుట వ్యాఖ్యానము కాదు, తప్పించుకొనుట.

4. వాక్యమును సరిగా అనుసరించుట

అయితే ఎదుటి ప్రక్కకును ఒరిగిపోకూడదు. వాక్యము చెప్పనిదానిని చెప్పినదనుటయు తప్పే. సంఖ్యాకాండములోని కట్టడ కుమారులు లేని ఇంటిని గూర్చినది. అన్నదమ్ములున్న ఇంట కుమార్తెకు పాలు పెట్టుమని అక్కడ వ్రాయబడలేదు. ముప్పదియారవ అధ్యాయములో గోత్రపు పెద్దలు మరల వచ్చి, ఈ కుమార్తెలు ఇతర గోత్రములలో వివాహము చేసికొనిన యెడల భూమి గోత్రము దాటిపోవునని మొఱ్ఱపెట్టగా, తమ గోత్రములోనే వివాహము చేసికొనవలెనని తీర్పు కలిగెను. వారు తమ తండ్రి సహోదరుల కుమారులను పెండ్లాడిరి. ఆ కట్టడ గోత్రముల వారిగా పంచబడిన కనాను దేశమునకు చెందినది. మనకు అటువంటి గోత్రభూమి లేదు.

కాబట్టి ఆ భాగమునుండి మనకు వచ్చు పాఠము "ఇన్ని గుంటలు ఇమ్ము" అను లెక్క కాదు. దేవుడు ఎటువంటివాడు అను సంగతి. లెక్కలో లేనివారి మనవిని ఆయన వినును; అది న్యాయమైతే న్యాయమనును; మనుష్యుల ఆచారము అడ్డము వచ్చిన యెడల కట్టడనే సవరించును. ఈ పాఠము చేతపట్టుకొని మిగిలిన వాక్యమంతట నడువవలెను.

యెహోషువ గ్రంథములో చూడుడి. దేశమును పంచు దినము వచ్చెను. మోషే చనిపోయియుండెను. ఆ అయిదుగురును మరల ఎలియాజరు నొద్దకును యెహోషువ నొద్దకును వచ్చి, దేవుడు మోషేకు ఆజ్ఞాపించినది జ్ఞాపకము చేసిరి. తీర్పు వెలువడిన తరువాతను రెండవమారు అడుగవలసి వచ్చెను! కాగితము మీది న్యాయము చేతికి అందుటకు ఎవరో ఒకరు నిలువబడవలెను. అప్పుడు వారికి పాలు దొరకెను.

యోబు గ్రంథపు చివరి అధ్యాయము చూడుడి. యోబునకు మరల ఏడుగురు కుమారులును ముగ్గురు కుమార్తెలును కలిగిరి. అక్కడ కుమారుల పేర్లు వ్రాయబడలేదు. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అను కుమార్తెల పేర్లే వ్రాయబడినవి. వారికి అన్నదమ్ములున్నను యోబు వారితోపాటు కుమార్తెలకును స్వాస్థ్యమిచ్చెను. ఏ కట్టడయు అతనిని బలవంతపెట్టలేదు. శ్రమల కొలిమిలో దేవుని కనికరము ఎరిగినవాడు గనుక తన చేయి విప్పెను.

ఇక సువార్త యొద్దకు వత్తము. క్రీస్తునందు బాప్తిస్మము పొందినవారిలో స్త్రీ యనియు పురుషుడనియు భేదము లేదనియు, వారందరు అబ్రాహాము సంతానమై వాగ్దానము చొప్పున వారసులనియు పౌలు గలతీయులకు వ్రాసెను. భార్యలు జీవవరములో భర్తలతో కూడ పాలివారని పేతురు చెప్పెను. రక్షణ సిద్ధాంతమంతయు ఈ వారసత్వపు మాటతోనే చెప్పబడినది. ఏ హక్కును లేని మనలను దేవుడు తన ఇంట దత్తపుత్రులుగా చేర్చుకొనెను. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పరిశుద్ధాత్మ మన స్వాస్థ్యమునకు సంచకరువు అని చదువుచున్నాము. భూమి బేరములో మనము బయానా అనునదియే అది. మొత్తము ముట్టజెప్పుదునని నమ్మిక కలుగుటకు ముందుగా చేతిలో పెట్టునది.

సహోదరులారా, హక్కు లేనివారికి హక్కు వ్రాసి ఇచ్చిన దేవుని బిడ్డలము మనము. హక్కు ఉన్నవారిచేత హక్కు వదలించు కాగితము వ్రాయించుకొనుట మనకు తగునా?

5. మన దేశపు చట్టము

క్రైస్తవ కుటుంబములలో చాలమందికి ఈ సంగతి తెలియదు గనుక వ్రాయుచున్నాము. వీలునామా లేక చనిపోయిన క్రైస్తవుని ఆస్తి 1925 నాటి భారత వారసత్వ చట్టము చొప్పున పంచబడును. విధవరాలికి మూడవ వంతు. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికి సమానముగా. విధవరాలు లేనియెడల అంతయు పిల్లలకే సమానముగా. ఇందులో కుమారుడు, కుమార్తె అను భేదము లేదు.

మన పొరుగువారైన హిందూ కుటుంబములలో ఉమ్మడి ఆస్తియందు కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు కలుగజేయుచు 1986 లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టము చేసెను. 2005 లో అది దేశమంతటికి వచ్చెను. కేరళలో తిరువాన్కూరు సీమ క్రైస్తవులకు 1916 నాటి చట్టము ఒకటి ఉండెను. దాని చొప్పున కుమార్తెకు, కుమారుని పాలులో నాలుగవ వంతు లేక అయిదువేల రూపాయలు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదియే. కొట్టాయములో బడి నడిపిన మేరీ రాయ్ అను క్రైస్తవ స్త్రీ దీనిని గూర్చి సుప్రీము కోర్టునకు పోగా, ఆ పాత చట్టము 1951 నుండియే చెల్లదనియు 1925 చట్టమే వర్తించుననియు 1986 లో తీర్పు వచ్చెను. ఆమె 2022 లో మరణించెను. సెలోపెహాదు కుమార్తెలవలె ఈమె అడిగిన మనవి వలనను, ఆమె ముఖము ఎరుగని అనేక స్త్రీలకు మేలు కలిగెను.

చట్టము ఇచ్చినదానిని సంఘము లాగివేసికొనిన యెడల, లోకము మనకన్న నీతిగలదిగా అగపడును. ఇది మనకు సిగ్గు.

6. మనము చెప్పు సాకులు

"కట్నమిచ్చి పెండ్లి చేసితిమి గదా" అందురు. కట్నము అల్లుని ఇంటికి పోయినది గాని ఆమె చేతికి రాలేదు. 1961 లోనే చట్టము దానిని నిషేధించెను. ఒక తప్పు చేసి, దానినే రెండవ తప్పునకు రసీదుగా చూపుటయా?

"ముసలితనములో తల్లిదండ్రులను చూచినది మేము" అందురు. మంచిది. అది అయిదవ ఆజ్ఞ, కూలి కాదు. సహోదరి ఆ సేవను తలంచి, సంగతియంతయు తెలిసి, సంతోషముతో కొంత విడిచిన యెడల అది ఆమె దానము. తెలియనియ్యక వ్రాయించుకొనినది దానము కాదు.

"పాలు అడిగితే పుట్టింటి రాకపోకలు తెగిపోవును" అని ఆడబిడ్డలు భయపడుదురు. చాల సంతకముల వెనుక ఉన్నది ప్రేమ కాదు, ఈ భయమే. సంతకము పెట్టినంతవరకే నిలుచు పుట్టిల్లు ఎటువంటి పుట్టిల్లు?

"సహోదరులు వ్యాజ్యెమాడకూడదు, అన్యాయము సహించుట మేలు" అని కొరింథీయుల మొదటి పత్రిక ఆరవ అధ్యాయము చూపుదురు. ఏడవ వచనము చదివి ఆపకుడి. ఎనిమిదవ వచనము కూడ చదువుడి. సొంత సహోదరులకే అన్యాయము చేయుచున్నారని అపొస్తలుడు గద్దించుచున్నాడు. సహించుమని చెప్పుటకు అన్యాయము చేసినవానికి హక్కు లేదు.

లూకా సువార్త పండ్రెండవ అధ్యాయమును కూడ చూపుదురు. స్వాస్థ్యము పంచిపెట్టుమని అడిగినవానితో ప్రభువు, తాను పంచువాడను కానని చెప్పి, లోభమును గూర్చి హెచ్చరించెను. నిజమే. అయితే ఆయన ఆ హెచ్చరిక జనసమూహమంతటికి చేసెను; పంచక పట్టుకొని కూర్చున్న అన్నకును అది తగులును. ఆ వెంటనే చెప్పిన ఉపమానములో వెఱ్ఱివాడెవడు? అడిగినవాడు కాడు, కొట్లు పెద్దవి కట్టించి అంతయు తనకే కూర్చుకొనినవాడు.

7. తిరిగి ఇచ్చుట

వృద్ధురాలు అడిగిన ఆ మాట మమ్మును విడువలేదు. లెక్క వేసి చూచితిమి. ఎకరము ఇరువది గుంటలను ముగ్గురికి పంచిన యెడల తలకు ఇరువది గుంటలు. మేమిద్దరము ముప్పదేసి గుంటల వెల పుచ్చుకొంటిమి. అందులో పదేసి గుంటలు అక్కగారివి. మా ఇంట దేవుని భయముతో ఖర్చు పెట్టితిమనుకొనిన సొమ్ములో మూడవ వంతు దొంగిలినది.

మా ఇంటిలో చెప్పినప్పుడు అమ్మగారు చాలసేపు మాటలాడలేదు. మా కుమార్తె చదువునకు దాచిన సొమ్ము తప్ప మరేమియు లేదు. కడకు ఆమెయే, "ఒక ఆడపిల్లది తీసి ఇంకొక ఆడపిల్లను చదివించుట ఎందుకు?" అనెను. అన్నగారు ఒప్పుకొనలేదు, ఆయన కొరకు ప్రార్థించుచున్నాము.

అక్కగారి ఊరికి పోయి, మొదటి వాయిదా సొమ్ము ఆమె ముందు పెట్టి, చేసిన పాపము ఒప్పుకొంటిమి. ఆమె సొమ్మును ముట్టక మా ముఖము చూచి, "పైసల దుఃఖం కాదు తమ్మీ. ఏం లేదంటివి సూడు, గదే" అనెను. మాకు జవాబు లేకపోయెను. జక్కయ్య నాలుగింతలు తిరిగి ఇచ్చెదననెను. మేము 2006 నాటి వెల ఒకింతయే, అదియు నాలుగు వాయిదాలలో ఇచ్చుచున్నాము. మూడు ముట్టినవి. ఒకటి మిగిలియున్నది. సొమ్ము ఇచ్చినంత మాత్రమున మా పాపము పోలేదు. క్రీస్తు రక్తమే దానిని కడిగెను. అయితే కడుగబడినవాని చేయి మూసికొని ఉండలేదు.

ఇప్పుడు మేడ్చలు, తూప్రాను దారిలోని గ్రామములలో మా ఊరిలో జరిగినదే జరుగుచున్నది. రోడ్డు వచ్చును, వెల పెరుగును, కాగితములు వచ్చును, చీర పెట్టి సంతకములు అడుగుదురు. అందుచేత ప్రియులారా, ఇవి చేయుడి. తండ్రులారా, తల్లులారా, బ్రతికియుండగనే మీ ఇల్లు చక్కబెట్టుకొనుడి. హిజ్కియా రాజునకు యెషయా చెప్పిన మాట అదియే. వీలునామా వ్రాయునప్పుడు యోబును జ్ఞాపకము చేసికొనుడి. సహోదరులారా, సహోదరికి చూపని కాగితము మీదను చదివి వినిపించని కాగితము మీదను సంతకము తీసికొనకుడి. సహోదరీలారా, చదువక సంతకము చేయకుడి. అడుగుట అవిశ్వాసము కాదని ఆ అయిదుగురు నేర్పిరి. పెద్దలారా, ఒక స్త్రీ అటువంటి మనవితో మీ యెదుట నిలిచినప్పుడు, మోషే చేసినట్లు చేయుడి. మేము చేసినట్లు చేయకుడి.

ఇంట ఆలోచించుటకు ప్రశ్నలు

1. సెలోపెహాదు కుమార్తెలు తమ తండ్రిని గూర్చి ఏమి చెప్పిరి? వారి మనవిలో విశ్వాసము ఎట్లు కనబడుచున్నది?
2. కట్టడ లేకపోయినను యోబు కుమార్తెలకు స్వాస్థ్యము ఏల ఇచ్చెను?
3. మన ఇంట ఎవరైన తెలియక సంతకము చేసిరా? ఇప్పుడు వారి ముఖము చూడగలమా?
4. పరలోక స్వాస్థ్యమును నమ్మినవాడు భూలోకపు ఆస్తిని ఎట్లు పంచును?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, ఏ పాలును లేని మమ్మును నీ కుమారునితో కూడ వారసులను చేసితివి. ఇతరుల పాలు పట్టుకొనియున్న మా చేతులను తెరువుము. అడుగుటకు భయపడు నీ కుమార్తెలకు ధైర్యమిమ్ము. వినుటకు మనస్సులేని మాకు చెవులిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా వేడుకొనుచున్నాము. ఆమేన్.